హోటలు మూయించిన చట్టం

2020 మార్చి చివరి వారంలో దేశంలోని హోటళ్ళ తలుపులకు ‘పార్సిల్ మాత్రమే’ అన్న కాగితాలు వెలిశాయి. కొన్నిచోట్ల అదీ లేదు, తాళమే. వాటిని పెట్టించినవారు పురపాలక శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, స్థానిక పోలీసులు. ప్రజలు చూసింది వారిని, తిట్టుకున్నదీ వారినే. కాని వారి చేతిలోని అధికారం వారిది కాదు. అది రెండు చట్టాల నుంచి వచ్చింది. ఒకటి 1897 నాటిది, మరొకటి 2005 నాటిది.

మొదటిది అంటువ్యాధుల చట్టం. 1896లో బొంబాయిని ప్లేగు చుట్టుముట్టింది. 1897 ఫిబ్రవరి 4న వైస్రాయి మండలి ఈ చట్టాన్ని ఆమోదించింది. నాలుగే సెక్షన్లు. ప్రభుత్వం ఎలాంటి తాత్కాలిక నిబంధననైనా విధించవచ్చు. ధిక్కరించినవారికి శిక్షాస్మృతి 188వ సెక్షన్ కింద శిక్ష. సదుద్దేశంతో పనిచేసిన అధికారిపై దావా చెల్లదు. ఖర్చును ఎవరు భరించాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ ఖర్చులో పరిహారం కూడా చేరుతుంది, అయితే ‘ఏదైనా ఉంటే’ అన్న షరతుతో! మూతపడ్డ దుకాణదారుడికి ఈ చట్టం ఇచ్చిన హామీ అంతే.

ఇలాంటి అధికారం ఎక్కడికి దారితీస్తుందో అదే ఏడాది పూనా చూసింది. ప్లేగు కమిటీ పేరుతో సైనికులు ఇళ్ళలోకి చొరబడ్డారు. జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు కమిటీ అధికారి రాండ్‌పై కాల్పులు జరిపారు. ‘కేసరి’ రాతలకు తిలక్‌కు రాజద్రోహ నేరంపై 18 నెలల శిక్ష పడింది. వ్యాధి నిజమే, నివారణ అవసరమే. కాని ప్రజల్ని అడగకుండా వారిపై అమలు చేసిన వైద్యం అపనమ్మకాన్నే మిగిల్చింది.

రెండోది విపత్తుల నిర్వహణ చట్టం. 2004 సునామీ తరువాత వచ్చింది. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. అయినా 2020 మార్చి 24 నుంచి ఏ దుకాణం తెరవాలో ఈ చట్టం ద్వారా కేంద్ర హోంశాఖ నిర్దేశించింది. ఏప్రిల్‌లో కేరళ వ్యాధి తగ్గిన జిల్లాల్లో హోటళ్ళలో భోజనానికి అనుమతించబోయింది. కేంద్రం తన మార్గదర్శకాలను నీరుగార్చారంటూ 19న లేఖ రాసింది. మరునాడే కేరళ వెనక్కి తగ్గింది. తిరువనంతపురంలో ఇడ్లీ ఎక్కడ కూర్చొని తినాలన్నది ఢిల్లీలో తేలింది. 2022 జనవరిలో ఢిల్లీ నగరంలోనూ హోటళ్ళలో కూర్చొని తినడాన్ని నిలిపివేసింది లెఫ్టినెంట్ గవర్నర్ అధ్యక్షతన ఉన్న విపత్తు సంస్థే.

ఇక నగర పాలక సంస్థల మాట. 74వ సవరణ పన్నెండో షెడ్యూలులో ప్రజారోగ్యాన్ని పట్టణ సంస్థల విధుల్లో చేర్చింది. కోస్తా, రాయలసీమలకు 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం వారసత్వంగా వచ్చింది. స్థానిక ఆరోగ్యాధికారికి అది నిర్దిష్టమైన బాధ్యతలు అప్పగించింది. కరోనా కాలంలో ఆ అధికారికి దక్కింది బాధ్యత కాదు, పైనుంచి వచ్చే జీవోను అతికించే పని. వ్యాధి తన వార్డులో ఎంత ఉందో అతనికి తెలిసినా, ఎన్ని బల్లలు వేయవచ్చో చెప్పే హక్కు అతనికి లేదు.

నష్టం ఎవరు భరించారు? 2020 మార్చి 29న హోంశాఖ లాక్‌డౌన్ కాలానికి జీతాలు కోయరాదని యజమానుల్ని ఆదేశించింది. అంటే పరిహారం ఖర్చును ఖజానా నుంచి కాక గల్లాపెట్టె నుంచి రాబట్టాలనుకుంది. మే 18 నుంచి ఆ ఆదేశమే లేకుండా పోయింది. హోటళ్ళు తెరుచుకోవడానికి అనుమతి వచ్చింది జూన్ 8న, అదీ సగం కుర్చీలతో. ఆ మూడు వారాలు వడ్డించేవాడికి, అంట్లు తోమేవాడికి చట్టం తరఫున ఏ మాటా లేదు. 1897 నాటి ‘ఏదైనా ఉంటే’కు 2020లో దొరికిన అర్థం ‘లేదు’.

ఆంక్షలే తప్పని వాదించడం లేదు. తినడానికి మాస్కు తీయక తప్పదు. గాలి ఆడని గదిలో అపరిచితుల మధ్య గంటసేపు కూర్చోవడం ప్రమాదమే. కాని ప్రజల మేలు కోసం ఒకరి జీవనోపాధిని ఆపినప్పుడు, ఆ మేలు పొందిన సమాజం అందులో భాగం పంచుకోవాలి. 2020లో ఈ పాత చట్టాన్ని సవరించి వైద్య సిబ్బందిపై దాడులకు ఏడేళ్ళ వరకు శిక్ష పెట్టారు. మంచిదే. ఆ సవరణలో మూతపడ్డ దుకాణదారుడికి పరిహారం ఊసు లేదు. లా కమిషన్ 2024లో తన 286వ నివేదికలో ఈ చట్టం చాలదని తేల్చింది.

కొత్త చట్టం రాసేవారు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మూయించే ఉత్తర్వుకు గడువెంత? దానిపై అప్పీలు ఎవరి దగ్గర? ఆ రోజుల కూలి ఎవరిస్తారు? వీటికి జవాబు లేకపోతే మళ్ళీ మహమ్మారి వచ్చినప్పుడు శానిటరీ ఇన్‌స్పెక్టరు తెచ్చే కాగితం మీద తేదీ మాత్రమే మారుతుంది.