లెక్కకెక్కని కావలి



పండిన పంటకు లెక్క కలదు. పోకుండ కాపాడిన పంటకు లెక్క లేదు. కళ్లములో కొలిచిన ధాన్యమును రైతు పుస్తకమున వ్రాసికొనును. రాత్రియెల్ల మంచెపై మేలుకొని, అడవిపందులను చేనిలో కాలు పెట్టనీయని కావలివాని పని ఏ పుస్తకమునను ఎక్కదు. పైగా, పందులు రానే లేదుగదా, వాడేమి చేసెనని అడుగువారును కలరు. ఈనాడు నేను చెప్పబూనిన చరిత్రము అట్టి యొక కావలివానిది. అయితే అతడు కాచినది చేను గాదు. ఆటస్థలములో పది అడుగుల ఎత్తున నుండు ఒక యినుప వలయము.

ఆ మనుష్యుడు అమెరికా దేశస్థుడు. పూర్తి పేరు విలియం ఫెల్టన్ రస్సెల్; లోకులు బిల్ రస్సెల్ అని పిలిచిరి. బాస్కెట్‌బాలు ఆటను జీవనవృత్తిగా స్వీకరించి, 1956 మొదలు 1969 వఱకు 13 ఆటకాలములు బోస్టను నగరపు సెల్టిక్స్ జట్టులో సెంటరుగా నాడెను. ఆ 13 ఆటకాలములలో 11 పర్యాయములు ఆ జట్టే దేశమునకెల్ల విజేతగా నిలిచెను. అయినను అతని ముఖ్యవిద్యకు ఆ కాలమున లెక్కయే లేదు. అతని జాతికి ఆ దేశమున సమానగౌరవమును లేదు. ఈ రెండు కొఱతల నడుమ ఒక మనుష్యుడు తన విలువను తానే ఎట్లు నిలుపుకొనెనో చెప్పుటయే నా యుద్దేశ్యము.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. 1891వ సంవత్సరము డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు చలికాలమున లోపల ఆడుకొనుటకు అనువుగా దీనిని కల్పించెను. రెండు పండ్ల గంపలను గోడలకు పది అడుగుల ఎత్తున కొట్టించి, వానిలో బంతి వేయుమనెను. గంపలు పోయి వలయములు వచ్చినవి గాని, ఎత్తు నేటికిని అదియే. 1920లో హారీ క్రో బక్ అను నతడు మద్రాసులో నెలకొల్పిన వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యా కళాశాల మూలమున ఇట్టి ఆటలు మన దక్షిణదేశపు పాఠశాలలకును పరిచయమైనవి. జట్టునకు ఐదుగురు. వారిలో మిక్కిలి పొడగరి సాధారణముగా వలయము చెంతనే నిలుచును. వానినే సెంటరు అందురు. తనవారి బంతిని లోపల వేయుట, ఎదుటివారి బంతిని అడ్డుట, తప్పిపోయి మరలివచ్చు బంతిని ఎగిరి పట్టుకొనుట వాని పనులు.

రస్సెల్ 1934 ఫిబ్రవరి 12వ తేదీన, దక్షిణ అమెరికా సంయుక్త రాష్ట్రములలో నొకటియగు లూసియానాయందు, మన్రో పట్టణమున పుట్టెను. అచట నల్లజాతివారు వేఱుగా కూర్చుండవలెను, వేఱుగా చదువవలెను, తెల్లవారి తరువాతనే ఏదైనను కొనవలెను. ఒకనాడు అతని తల్లి మంచి దుస్తులు ధరించి వీథిలో పోవుచుండగా, అవి తెల్లదొరసానులు కట్టెడి బట్టలని ఒక పోలీసు ఆమెను గద్దించి ఇంటికి పంపెను. తండ్రి చార్లీ ఈ యవమానములు సహింపజాలక, 1940 తరువాతి సంవత్సరములలో కుటుంబమును పశ్చిమతీరమునందలి ఓక్లాండునకు తరలించెను. బాలునకు పండ్రెండేండ్లప్పుడు తల్లి మరణించెను. తండ్రి లారీల వ్యాపారము మాని, పిల్లలను దగ్గఱనుండి చూచుకొనుటకై ఉక్కు కార్ఖానాలో పనికి కుదిరెను. తల్లిలేని పిల్లవాడు నగర గ్రంథాలయమున పుస్తకములు చదువుకొనుచు ఒంటరిగా పెరిగెను.

ఇట్టివాడు పుట్టుకతోనే గొప్ప ఆటగాడై యుండునని మనము తలంతుము. అట్లు గాదు. ఉన్నతపాఠశాలలో అతనిని జట్టునుండి తీసివేయవలసిన స్థితి వచ్చెను. జార్జి పౌల్స్ అను ఉపాధ్యాయుడు మాత్రము పిల్లవానిలో వేగమును, ఎగురు శక్తిని గుర్తించి ఉంచుకొనెను. బంతిని వలయములో వేయుట అతనికి సులభముగా రాలేదు. ఎదుటివాడు వేయబోవు బంతి ఎటు పోవునో ముందుగా గ్రహించుట మాత్రము బాగుగా అబ్బెను. ఆ కాలపు బోధకులు, కాపుగాయువాడు పాదములు నేలను విడువరాదని నేర్పుచుండిరి. రస్సెల్ నేల విడిచి, గాలిలోనే బంతిని అడ్డుట అభ్యసించెను. ఆట యొక్క తీరును మార్చినది ఈ యభ్యాసమే.

శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయము ఒక్కటే అతనిని విద్యార్థివేతనమిచ్చి పిలిచెను. ఆ చిన్న విద్యాలయము 1955, 1956 సంవత్సరములలో కళాశాలల జాతీయ పోటీలందు వరుసగా గెలిచెను. అందు వరుసగా 55 ఆటలు ఓటమి యెఱుగలేదు. అతనిని అదుపులో పెట్టుటకు కళాశాలల నిబంధనలే మారెను. వలయము ముందర గీతల నడుమ నుండు చోటు ఆరు అడుగుల వెడల్పుండగా దానిని పండ్రెండు అడుగులు చేసిరి. అయినను 1954 డిసెంబరులో ఓక్లహోమా నగరమునకు పోటీకి పోయినప్పుడు, అచటి హోటళ్లు ఆ జట్టులోని నల్లజాతి ఆటగాండ్రకు చోటీయమనెను. అప్పుడు జట్టువారందఱును, తెల్లవారు సైతము, సెలవులకు మూసియున్న ఒక కళాశాల వసతిగృహమున కలిసి బసచేసిరి.

1956లో వృత్తి జట్లు క్రొత్త ఆటగాండ్రను ఏరుకొను సమయమున, బోస్టను శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్ పేరుపొందిన ఎడ్ మెకాలీని, క్లిఫ్ హేగన్‌ను సెయింట్ లూయిస్ జట్టున కిచ్చి, బదులుగా రస్సెల్‌ను పొందెను. రస్సెల్ ముందు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌నకు పోయి, తన దేశమునకు స్వర్ణపతకము తెచ్చి, డిసెంబరులో బోస్టను చేరెను. ఆ మొదటి యేడే, 1957 ఏప్రిల్ 13న, తుది పోటీ ఏడవ ఆట అదే సెయింట్ లూయిస్‌తో పడెను. నియమిత సమయము చాలక రెండు పర్యాయములు గడువు పెంచవలసివచ్చెను. చివరకు 125 పాయింట్లకు 123 వచ్చి బోస్టను గెలిచెను. ఆనాడు రస్సెల్ మరలివచ్చిన బంతులను 32 పట్టుకొనెను. అది మొదలు 1959 నుండి 1966 వఱకు ఎనిమిదేండ్లు ఎడతెగక బోస్టనే విజేత. ఇట్టి వరుస ఆ దేశపు వృత్తి బాస్కెట్‌బాలులో మఱి యే జట్టునకును కలుగలేదు.

అతని విద్యలోని మర్మమును వినుడు. బలవంతులగు ఇతర సెంటర్లు ఎదుటివాని బంతిని జనులు చప్పట్లు కొట్టునట్లు దూరముగా, ఆటస్థలము వెలుపలికి చఱచెడివారు. అట్లు పోయిన బంతి మరల ఎదుటివారికే చెందును. రస్సెల్ బంతిని మెల్లగా తాకి, అది తన జట్టువాని చేతికి పోవునట్లు చేసెడివాడు. అనగా ఎదుటివాని దాడియే తనవారి దాడికి ఆరంభమగును. మఱియొక మర్మము: అతడు ప్రతి బంతిని అడ్డుటకు పోవడు. ఏ బంతిని అడ్డునో ఎదుటివానికి తెలియనీయడు. ఆ సంశయముతోనే ఎదుటివాని చేయి తడబడును. ఇట్లు తాకకయే చెడగొట్టిన బంతులెన్నియో ఎవరు లెక్కింపగలరు? తాకిన బంతులకే లెక్క లేకపోయెను. అడ్డిన బంతులను ఆ వృత్తి సంఘమువారు అధికారికముగా వ్రాయుట 1973–74 ఆటకాలమున మొదలిడిరి. రస్సెల్ అప్పటికి నాలుగేండ్ల క్రిందటనే ఆట మానెను.

లెక్కకెక్కు విద్యయందు అతనిని మించినవాడు ఆ కాలముననే యుండెను. విల్ట్ చేంబర్లేన్ అను మహాకాయుడు, ఏడడుగుల పైబడిన సెంటరు, 1962 మార్చి 2న ఒక్క ఆటలో ఒంటరిగా 100 పాయింట్లు సంపాదించెను. రస్సెల్ తన వృత్తిజీవితమున సగటున ఆటకు 15 పాయింట్లు చేసెను. పుస్తకములో ఆ రెండంకెలను మాత్రమే చూచినవాడు చేంబర్లేనునే గొప్పవాడనును. కాని వారిరువురి జట్లు ఆటకాలాంతపు పోటీలలో ఎనిమిది మారులు తలపడగా, ఏడు మారులు రస్సెల్ జట్టే గెలిచెను. చేంబర్లేన్ సామాన్యుడు గాడు. అయినను ఒక్కని పాయింట్లు వేఱు, ఐదుగురి గెలుపు వేఱు. రస్సెల్ ఆ రెండవదానికే తన్నర్పించుకొనెను. పెద్ద ఆటకు ముందు ఆందోళనచే అతనికి వాంతియగుట పరిపాటి. ఆ శబ్దము విన్నప్పుడు సహచరులు నేడు గెలుపు మనదేయని ధైర్యము తెచ్చుకొనెడివారట.

ఇంతటివానిని అతని దేశము ఎట్లు చూచెను? 1961లో కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టనునకు ప్రదర్శన ఆటకై పోయినప్పుడు, హోటలులోని ఫలహారశాలలో అతని నల్లజాతి సహచరులకు తిండి పెట్టమనిరి. రస్సెల్ వారితోగూడి ఆట మానుకొని, విమానమెక్కి వెడలిపోయెను. తిండికి పనికిరానివారము ఆటకు మాత్రము పనికివత్తుమా యని అతని భావము. బోస్టను సమీపమున రీడింగు అను గ్రామమున అతడు ఇల్లు కొనెను. కొందఱు దుండగులు ఆ యింట చొరబడి, గోడలపై జాతిదూషణలు వ్రాసి, అతని బహుమానములను పగులగొట్టి, పడకను సైతము అశుచి చేసి పోయిరి. ఆ నగరమునకు ఏటేట కీర్తి తెచ్చుచున్నవానికి కలిగిన సత్కారమిది.

అతడు ఊరకుండలేదు. 1963 జూనులో మిసిసిపీ రాష్ట్రపు జాక్సనులో నల్లజాతి నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్యచేయబడగా, రస్సెల్ ప్రాణభయమును లెక్కింపక అచటికి పోయి, తెల్ల పిల్లలను నల్ల పిల్లలను ఒక్కచోట చేర్చి ఆట నేర్పెను. ఆ యేటి ఆగస్టులో వాషింగ్టనున జరిగిన మహాయాత్రయందును అతడుండెను.

1966లో ఆవర్‌బాక్ శిక్షకపదవి విడుచుచు, దానిని రస్సెల్ చేతికే ఇచ్చెను. ఆ వృత్తి సంఘమున నల్లజాతివాడు ప్రధాన శిక్షకుడగుట అదే ప్రథమము. పత్రికావిలేఖరులు, మీరు తెల్ల ఆటగాండ్రను పక్షపాతము లేక చూడగలరా యని అడిగిరి. ఆటలో మనుష్యుని సామర్థ్యమునకే మర్యాద యని అతడు బదులు చెప్పెను. ఇదే ప్రశ్న అంతకుముందు ఏ తెల్ల శిక్షకునైనను అడిగిరా యని మనము ఆలోచింపవచ్చును. ఆటగాడును తానే, శిక్షకుడును తానేయై, 1968లోను 1969లోను మరల గెలిపించెను. 1969 మే 5న లాస్ ఏంజిలీసులో చివరి ఆట. తమ జట్టే గెలుచునని అచటి యజమాని గాలిబుడగలను కప్పున కట్టించి సిద్ధముగా నుంచెను. బోస్టను 108కి 106గా గెలుచుటచే అవి క్రిందికి దిగలేదు. ముప్పదియైదేండ్ల రస్సెల్ ఆ విజయముతో ఆట చాలించెను.

పిమ్మట జరిగినది మఱింత గమనింపదగినది. 1972లో అతడు ధరించిన 6వ అంకెను సెల్టిక్స్ వారు మఱియొకరి కీయక, గౌరవార్థము ఆటశాల కప్పునకు ఎత్తదలచిరి. రస్సెల్ ప్రేక్షకుల ముందు వలదనెను. తలుపులు తెఱవకముందు, ఖాళీ ఆటశాలలో, సహచరుల యెదుట మాత్రమే ఆ పని జరిగెను. 1975లో ఆట పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డునందలి కీర్తిమందిరమువారు, నల్లజాతి ఆటగాండ్రలో ప్రథముడుగా అతనిని ఎన్నుకొనగా, అతడు ఉత్సవమునకు పోలేదు, ఉంగరమును పుచ్చుకొనలేదు. తనకు ముందు అర్హులైన నల్లజాతివారుండగా తాను మొదటివాడగుట ధర్మము గాదని అతని తలంపు. 1950లో వృత్తి జట్ల ఎంపికలో ప్రథమముగా ఏరుకొనబడిన నల్లజాతి ఆటగాడు చక్ కూపర్. అతనికి 2019లో ఆ మందిరమున స్థానము లభించెను. ఆ పిదపనే, నలువది నాలుగేండ్లకు, రస్సెల్ తన ఉంగరమును స్వీకరించెను. ఇచ్చెడి గౌరవమునకు చేయి చాచుట యెవరికైనను తెలియును. సరియైన వరుసలో రాని గౌరవమును ఆపి నిలుపుట కావలివానికే తెలియును.

దేశము మెల్లగా తన బాకీ తీర్చుకొనెను. 2011లో అధ్యక్షుడు ఒబామా అతనికి స్వాతంత్ర్యపతకము నొసగెను. 2013లో బోస్టను నగరమున అతని విగ్రహము వెలసెను. 2022 జూలై 31న, ఎనుబదియెనిమిదవ యేట రస్సెల్ మరణించెను. అప్పుడు ఆ వృత్తి సంఘమువారు ఒక నిర్ణయము చేసిరి: అంతకుముందే ధరించుచున్నవారు తప్ప, ఏ జట్టులోను ఇక క్రొత్త ఆటగాడెవ్వడును 6వ అంకెను ధరింపరాదు. సంఘమంతట ఒక్కని కొఱకు ఒక అంకెను పక్కనుంచుట అదే మొదటిసారి.

ఆడుచున్న దినములలో అతడు ఆపిన బంతులకు లెక్క వ్రాయనివారు, తుదకు అతని గౌరవార్థము ఒక అంకెనే ఆపివేసిరి.