బాడుగ కంప్యూటర్ల కథ: మనం మొదట ఏ గడప ఎక్కాల?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హాస్టళ్ల నుంచి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "అన్నా, క్లౌడ్ నేర్చుకోవాలంటే అమెజానా, మైక్రోసాఫ్టా, గూగులా?" ముందు ఈ మూడూ ఎట్లా పుట్టినాయో చూద్దాం. జవాబు అందులోనే ఉంది.

మన తండాల్లో సొంత ట్రాక్టరు ఉన్నోళ్లు ఎందరు? దుక్కికి గంటకింతని బాడుగకు తెచ్చుకుంటాం, పని అయినాక పంపించేస్తాం. క్లౌడ్ కూడా అంతే. కంప్యూటరు వాళ్లది, బాడుగ మనది.

ఈ ఆలోచన పాతదే. కరెంటు, నీళ్ల మాదిరి కంప్యూటరు శక్తిని కూడా వాడుకున్నంతకే డబ్బు కట్టే రోజు వస్తుందని జాన్ మెకార్తీ 1961లోనే అన్నాడు. దాన్ని పెద్ద ఎత్తున అంగడికి తెచ్చింది అమెజాన్. 2006 మార్చిలో ఫైళ్లు దాచుకునే ఎస్3, ఆగస్టులో సర్వర్లు బాడుగకిచ్చే ఈసీ2 వచ్చినాయి. చిన్న సర్వరుకు గంటకు 10 సెంట్లు, అప్పటి లెక్కన 5 రూపాయలు కూడా కాదు. పండగ గిరాకీ అయినాక ఖాళీగా మిగిలిన కంప్యూటర్లనే అమెజాన్ బాడుగకిచ్చిందని చాలామంది చెప్తారు గానీ, అది నిజం కాదని ఆ కంపెనీ వాళ్లే చెప్పినారు.

గూగుల్ 2008లో యాప్ ఇంజిన్‌తో వచ్చింది. నీ కోడ్ ఇయ్యి, సర్వర్ సంగతి మేం చూసుకుంటాం అనింది. మైక్రోసాఫ్ట్ అజూర్‌ను 2008లో ప్రకటించి, 2010 ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టింది. ఆఫీసుల్లో అప్పటికే విండోస్ ఉంది కాబట్టి ఆలస్యంగా వచ్చినా నిలబడింది.

మన దేశానికి మాత్రం వరుస మారింది. ఇక్కడ మొదట డేటా సెంటర్లు తెరిచింది మైక్రోసాఫ్ట్, 2015లో. అమెజాన్ 2016లో ముంబైకి, 2022 నవంబరులో హైదరాబాద్‌కు వచ్చింది. గూగుల్ 2017లో ముంబైకి వచ్చింది. 2025 అక్టోబరులో విశాఖలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. దానికి భూమి, నీళ్లు ఎవరివి పోతాయనేది ఇంకో పోస్టులో మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఇక అసలు చిక్కు: కార్డు. గూగుల్ 90 రోజులకు 300 డాలర్ల క్రెడిట్ ఇస్తుంది, కార్డు అడుగుతుంది. అమెజాన్ 2025 జూలై నుంచి కొత్త ఖాతాకు 6 నెలల్లో వాడుకునేట్టు 200 డాలర్ల వరకు ఇస్తోంది, అదీ కార్డు అడుగుతుంది. అజూర్ మాత్రం విద్యార్థులకు కార్డు లేకుండానే ఏడాదికి 100 డాలర్లు ఇస్తుంది. క్రెడిట్ అయిపోతే సర్వీసు ఆగిపోతుంది, బిల్లు రాదు. కూలి డబ్బుతో చదివే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మనలో ఒకరు నాయన కార్డు పెట్టి, సర్వర్ ఆపడం మరిచిపోయి, నెలాఖరున బిల్లు చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. బడ్జెట్ అలర్ట్ పెట్టుకున్నా అది మెసేజ్ పంపుతుందంతే, మీటరు ఆపదు.

అందుకే మా మాట: చెయ్యి తిరిగేదాకా అజూర్. తర్వాత అమెజాన్, ఏమంటే క్లౌడ్ బాడుగల్లో ప్రపంచంలో పెద్ద వాటా ఇప్పటికీ దానిదే. ఒకటి బాగా వస్తే రెండోదానికి పేర్లు మారతాయి, పని అదే. అజూర్ విద్యార్థి ఖాతాకు కాలేజీ ఈమెయిల్ కావాల. లేనోళ్లు రేపే ఆఫీసులో అడగండి.