జోలపాటయు పనిపాటయు: తెలుగింట పసిబిడ్డల పెంపకము

1949లో సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడిన నాటినుండి మన పూర్వుల తిండితీర్థములు, కట్టుబట్టలు, ఆటపాటలు, వర్తకవ్యాపారములు చరిత్రకు తగిన విషయములే యని తెలుగువారు గుర్తించిరి. అయినను ‘ఇల్లు’ అను మాట వినబడగానే పరిశోధకుల దృష్టి వివాహాది సంస్కారముల వైపునకే మరలుచున్నది. బారసాలకును అక్షరాభ్యాసమునకును నడుమనున్న ఐదేండ్ల కాలము చరిత్రలో ఖాళీగానే మిగిలిపోయినది. ఇంట దంపుడు, విసురుడు, వంట, నీళ్లు మోయుట, పొలమున నాట్లు, కలుపుతీత జరుగుచుండగా పాలుత్రాగు బిడ్డ యెక్కడ నుండెను? ఎవరి కనుసన్నల నుండెను? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

బిడ్డను పెంచుట ఒక పని, ఇల్లు నడపుట మరియొక పని అని నేడు మనము వేరుచేసి చెప్పుచున్నాము. పూర్వపు తెలుగింట ఈ రెండును ఒకే గడియలో, ఒకే చేతులతో, ఒకే ముంగిట జరిగినవి. కనుక ఒకదానిని విడిచి రెండవదాని చరిత్రను వ్రాయుట సాధ్యము కాదని మా ప్రతిపాదన. దీనికి అనుకూలించు కొన్ని యాధారములను మాత్రము ఇచట పరిశీలింతుము.

శాతవాహనుల కాలమునకు సంబంధించినదిగా ప్రసిద్ధమైన హాలుని ‘గాథాసప్తశతి’ ప్రాకృతగ్రంథమే యైనను, అందు అత్త, పొట్ట వంటి పదములు కనబడుటచే తెలుగు పరిశోధకులు దానిని తమకు దగ్గరి దానినిగానే భావించుచు వచ్చిరి. శృంగారమునకు పేరుపడిన ఆ సంకలనమున పసిబిడ్డ తిరుగాడు ఇండ్లు కూడ కలవు. అలిగిన భార్య పాదములపై భర్త పడియుండగా, బిడ్డ వచ్చి తండ్రి వీపునెక్కును. కోపముతో నున్న ఇల్లాలికి నవ్వు ఆగదు. వేరొక గాథలో ఇల్లాలు తన బిడ్డకు మొదట మొలచిన రెండు దంతముల గుర్తులు పడిన రేగుపండును భర్తకు చూపును. వ్యాఖ్యాతలు ఇందలి ధ్వనిని శృంగారపరముగా వివరింతురు, అది యుక్తమే. కాని చరిత్రకారుడు గమనింపవలసినది ఆ రేగుపండు. బిడ్డకు పండ్లు వచ్చు కాలమును ఇల్లాలు లెక్కపెట్టుకొని యున్నది. ఆ లెక్కనుబట్టి దంపతుల జీవితమే మారుచున్నది. బిడ్డ యెదుగుదలయే ఇంటికి పంచాంగమైనదనుటకు ఇంతకంటె పాత సాక్ష్యము మాకు దొరకలేదు.

ఈ పంచాంగము తెలుగింట తరువాతి కాలమున పిండివంటల రూపమును దాల్చినది. బిడ్డ నవ్విన నువ్వుండలు, బోర్లపడిన బొబ్బట్లు, కూర్చున్న కుడుములు, గడప దాటిన గారెలు, అడుగులు వేసిన అరిసెలు, మాటలు వచ్చిన చిలకలు పంచిపెట్టు ఆచారము మనకు సుపరిచితము. ప్రాంతమునుబట్టి పేర్లును వరుసయు కొంత మారును. ప్రాసకొరకు పుట్టిన వేడుకమాటలని వీనిని త్రోసివేయరాదు. ఎదుగుదలలోని మెట్లను మరచిపోకుండ గుర్తుంచుకొనుటకు, ఏ బిడ్డ యెంతలో నున్నదో ఇరుగుపొరుగువారికి తెలియజేయుటకు ఇది చదువురాని తల్లులు కల్పించుకొన్న ఉపాయము. బిడ్డ గడప దాటినదని గారె తిన్న పొరుగింటి ముసలమ్మ మరునాటినుండి తన వాకిటి నూతివైపు ఒక కన్ను వేసియుంచక తప్పదు. పంచిన వంటకముతో పాటు కాపలాబాధ్యతయు పంచబడినదని మేము తలచుచున్నాము.

ఇంటిపనికిని బిడ్డకును గల పెనుగులాటను పూర్ణముగా చిత్రించిన ఘట్టము భాగవత దశమస్కంధమున నున్నది. పోతన తెలుగుచేతలో అది ఇంటింటికి చేరినది. దాసీలు వేరు పనులలో నుండగా యశోద తానే పెరుగు చిలుకుచు, కుమారుని చేష్టలను పాటలుగా పాడుకొనుచున్నది. బిడ్డ వచ్చి కవ్వమును పట్టుకొనును. ఆమె పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగును. తనివితీరని బిడ్డను దింపి ఆమె పరుగెత్తును. బిడ్డ కుండ పగులగొట్టును. వెంబడించి పట్టుకొని ఱోలికి కట్టబోవ త్రాడు రెండంగుళములు తక్కువగును. కట్టిన పిమ్మట ఆమె మరల ఇంటిపనులలో మునుగును. ఆ సమయముననే బాలుడు ఱోలినీడ్చుకొని పోయి మద్దిచెట్లను కూల్చును.

భక్తులకు ఇది భగవల్లీల. ఆలంకారికులకు వాత్సల్యమునకు లక్ష్యము. ఈ రెండు దృష్టులను కాదనకయే మూడవదానిని చేర్పవచ్చును. చిలుకుట, పాలు కాచుట, బిడ్డకు పాలిచ్చుట అను మూడు పనులు ఒకే గడియలో ఒకే స్త్రీపై పడినవి. వానిలో ఒకటి చెడకుండ రెండవది సాగదు. ఆమెకు దొరికిన సాధనము ఇంటిలో కదలని బరువైన ఱోలు. చేయి తీరిక లేని తల్లి బిడ్డను బరువైన వస్తువునకు కట్టియుంచుట కవికల్పనయే యైనచో వినువారు దానిని అంత సులభముగా నమ్మియుండరు. ఆ కష్టము వారెరిగినది గనుకనే కథ నిలిచినది.

శకటాసురుని కథయు ఇట్టిదే. ఇంట వేడుక, వచ్చినవారిని గౌరవించు సందడిలో బిడ్డ యేడుపు తల్లికి వినబడలేదు. బిడ్డ బండిక్రింద పరుండియున్నాడు. బండి తలక్రిందులైనప్పుడు చూచినవారు దగ్గరనున్న చిన్నపిల్లలు మాత్రమే. వారు చూచినది చెప్పిరి. పిల్లల మాటలని పెద్దలు నమ్మలేదు. పసివానికి కాపలా పెద్దపిల్లలే యనుట ఇచట ప్రయత్నము లేకయే బయటపడినది.

ఈ పెద్దపిల్లను గూర్చి కొంత విడిగా చెప్పవలసియున్నది. తమ్ముని చంకనెత్తుకొన్న ఏడెనిమిదేండ్ల అక్క తెలుగుపల్లెలో నిన్నమొన్నటివరకు నిత్యదృశ్యము. గుజ్జనగూళ్లు, బొమ్మలపెండ్లి మున్నగు ఆటలను గ్రంథములు వర్ణించినవి. ఆ యాటలలో ఆమె అభ్యసించినది పెద్దల ఇంటిపనినే. ఉప్పుమూట యను ఆటను చూడుడు. చిన్నబిడ్డను వీపున వేసుకొని ఉప్పమ్మువానివలె కేక వేయుచు ఇల్లంతయు తిరుగుట అందలి క్రమము. బిడ్డకది ఆట, మోయు అక్కకు సగము ఆట, సగము పని. ఆమె బడికి పోవలసిన యేండ్లును తమ్ముని మోయవలసిన యేండ్లును ఒకటే యగుటచే ఆమె చదువు వెనుకబడినది. స్త్రీవిద్యా చరిత్రను వ్రాయువారు బాల్యవివాహములను లెక్కకు తెచ్చినట్లు ఈ మోతను కూడ లెక్కకు తేవలయును.

ఇక బిడ్డతో ఇల్లు కదలుట. గోకులము నుండి బృందావనమునకు తరలునప్పుడు గోపకులు వృద్ధులను, బాలురను, స్త్రీలను, ఇంటి సామగ్రిని బండ్లకెక్కించిరి. యశోదయు రోహిణియు బిడ్డలతో ఒకే బండిలో కూర్చుండి వారి ముచ్చటలు వినుచు పోయిరి. ఇద్దరు తల్లులు ఒకే బండి నెక్కుటలో ఒకరు పట్టుకొన్నప్పుడు మరియొకరికి ఊపిరియాడు సౌలభ్యము కలదని బిడ్డలతో ప్రయాణము చేసినవారు ఎరుగుదురు. బండి లేనివారికి చంకయే బండి. ‘చంకలో పిల్లను పెట్టుకొని సంతంతా వెదకినట్లు’ అను సామెతను మతిమరపునకు ఉదాహరణముగా వాడుచున్నాము. కాని సంతకు పోవునప్పుడు బిడ్డను వెంట గొనిపోవుట సామాన్యాచారమని అది మున్ముందుగా చెప్పుచున్నది. చంకనున్న బరువు తెలియనంతగా ఆ మోత అలవాటైనదనుట అందలి రెండవ సంగతి.

పొలమునకు పోవు కూలితల్లికి ఈ వెసులుబాటును లేదు. వంగి నాటువేయుటకు రెండు చేతులును కావలెను. గట్టున నున్న చెట్టుకొమ్మకు పాతచీరను కట్టి అందు బిడ్డను పరుండబెట్టుట ఆమె చేసికొన్న ఏర్పాటు. దూలమునకు వ్రేలాడదీసిన ఇంటి ఉయ్యాల పొలమునకు వచ్చి కొమ్మకు వ్రేలాడినది, అంతియే భేదము. కీర్తనలలోని ఉయ్యాల స్వామివారిది, కావ్యములలోనిది రాచబిడ్డలది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనలలో దేవుని జోలలు రాగిరేకులపై నిలిచినవి. గట్టుమీది చీరయుయ్యాలకు రాగిరేకు లేదు. దానికి మిగిలినది పాట మాత్రమే.

ఆ పాటను మనమెట్లు చదువుచున్నాము? జానపదగేయములను వర్గీకరించు నప్పుడు జోల, లాలి పాటలను పిల్లల పాటలలోనో స్త్రీల పాటలలోనో చేర్చి, దంపుళ్ల పాటలను, తిరుగటి పాటలను, నాట్ల పాటలను శ్రామికగేయములుగా విడదీయుట వాడుకయైనది. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) ఈ రంగమునకు దారిచూపిన గ్రంథము. ఆ దారిని నడచిన మనము వర్గములను వర్గములుగానే నిలుపుకొని, ఒకే స్త్రీ ఒకే పూట ఆ రెండు పాటలను పాడెనను మాట మరచితిమి. ఒక చేత తిరుగలిని త్రిప్పుచు, కాలితో ఉయ్యాల త్రాటిని లాగుచు పాడిన పాట యే వర్గమునకు చెందును? దాని లయ నిర్ణయించినది తిరుగలియా, ఉయ్యాలయా? పనిపాటలు అను జంటమాటలోని ‘పాట’ పాటుపడుటలోని పాటునకు సంబంధించినదని మాకు తోచుచున్నది. అయినను ఈ స్త్రీ విషయమున గేయమను అర్థమును చెల్లును. బిడ్డను నిద్రపుచ్చినగాని ఆమె చేతులకు విడుదల లేదు. కనుక జోలపాట వాత్సల్యమునకు ప్రకటనమే కాదు, పనిముట్టు కూడను.

ఈ పనిముట్టు పనిచేయని చోట ఏమి జరిగినదో చూచిన దాని విలువ తెలియును. తెలంగాణమునుండి నేతపనివారు బొంబాయి, షోలాపురముల మిల్లులకు వలసపోయిరి. బొంబాయిలోని కామాఠీపురమునకు ఆ పేరు అచట స్థిరపడిన తెలుగు కూలివారివలననే కలిగినది. మిల్లులో ఉయ్యాల లేదు. పాట యంత్రఘోషను దాటదు. 1920 దశకపు తొలియేండ్లలో బొంబాయి మిల్లుల స్త్రీలను గూర్చి అచటి ప్రభుత్వము తరఫున విచారణ జరిపిన వైద్యురాలు బార్న్స్, తల్లులు పనికి పోవునప్పుడు పసిబిడ్డలకు నల్లమందు పెట్టు అలవాటు విస్తారముగా నున్నట్లు తెలిపెను. ఆ తల్లులను నిందించుట సులభము. పని చేయుచోటును బిడ్డయుండు చోటును మొట్టమొదట విడిపోయినది మిల్లులోననియు, వానిని మరల కలుపుటకు ఆ తల్లులకు వేరు సాధనము లేకపోయెననియు చరిత్ర చెప్పుచున్నది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట ఆరేండ్లలోపు బిడ్డలకు శిశుగృహమును ఏర్పాటుచేయవలెనని నిర్బంధించెను. 1976లో ఆ సంఖ్య ముప్పదికి తగ్గింపబడెను. 1975 అక్టోబరు 2న దేశమున 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమైనది. దాని కేంద్రమునకు ‘అంగన్వాడీ’ అని పేరు. అంగన మనగా ముంగిలి. నూరిండ్ల తల్లులు చెప్పకయే నడపుకొన్న కాపలాకు ప్రభుత్వము పేరుపెట్టునప్పుడు ఆ ముంగిటినే స్మరించుట యాదృచ్ఛికము కాదు.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888-1950) ‘బాలభాష’ను సేకరించి, బువ్వ, లాల, బజ్జ వంటి మాటలును పండితుని శ్రద్ధకు తగినవే యని చూపిరి. ఆ మాటలను పరిశీలించిన వారికి తిండి, స్నానము, నిద్ర అను ఇంటి దినచర్య యంతయు అందు కనబడును. ఇట్టి సేకరణను కొనసాగింపదలచిన పరిశోధక విద్యార్థులకు మా మనవి యొకటి. జోలపాటను వ్రాసికొనునప్పుడు మాటలతో ఆగవలదు. పాడినప్పుడు ఆమె చేతులు ఏమి చేయుచుండెను, కాలు ఏ త్రాటిని లాగుచుండెను, ఉయ్యాల దేనికి కట్టియుండెను, ప్రక్కన పెద్దపిల్ల యున్నదా, ఆ పిల్ల బడికి పోయెనా అని యడుగవలెను. తిరుగలియు రోలును గ్యాసుపొయ్యికి, మిక్సీకి చోటిచ్చి తొలగినవి. వానితో పాటు పాడినవారిలో మిగిలినవారు కొందరే. పాట ఒక్కటియే మిగిలి, పాడినప్పటి పని మరుగుపడినచో, ఆ స్త్రీలు బిడ్డలను ముద్దాడుచు తీరికగా కూర్చుండిరని రేపటివారు తలంతురు. అది వారికి మనము చేయు అన్యాయమగును.