రోడ్డు కూలి నుంచి సామాజిక తనిఖీ దాకా

మనం పుట్టిన చోటును అందరూ ఏజెన్సీ అంటారు. ఆ పేరు ఎక్కడిదని పిల్లలు అడిగితే మనలో చాలామందికి జవాబు తెలియదు. 1839లో కుంపినీ ప్రభుత్వం ఒక చట్టం చేసి, గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలో పెట్టింది. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ అయింది. ఆ ఏజెంటు జవాబు చెప్పుకోవలసింది గవర్నరుకు. మనకు కాదు. మన ప్రాంతం పేరులోనే ఆ సంగతి ఉంది.

లెక్క చెప్పని పాలన ఏం చేస్తుందో మన పెద్దలు చూశారు. 1879లో రంప ఫితూరీ లేవడానికి కల్లు మీద పన్ను ఒక కారణం. మైదానపు వ్యాపారుల అప్పు పత్రాలు మరో కారణం. పత్రంలో ఏం రాసి ఉందో అప్పు తీసుకున్నవాడికి తెలియదు. కేసు నడుస్తున్నట్టు కూడా తెలియకుండానే డిక్రీ వచ్చేది, పశువులు పోయేవి.

తర్వాత గూడెం కొండల్లో రోడ్లు వేశారు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనికి మనవాళ్లను బలవంతంగా పట్టుకెళ్లారు. చేసిన పనికి సరైన కూలి ఇవ్వలేదు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర, వందలాది గిరిజనులు నడవడానికి ఆ కూలి బాకీ కూడా ఒక కారణం. కూలి ఎంత మంజూరైంది, ఎంత చేతికొచ్చింది అని అడగడానికి ఆనాడు ఏ దారీ లేదు. అడిగే దారి లేనప్పుడు విల్లు పట్టారు.

దారి వేసినవాళ్లు కూలీలే. రాజస్థాన్‌లోని భీమ్ ప్రాంతంలో 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడింది. కరువు పనులకు కనీస కూలి ఎందుకివ్వలేదని అడిగితే, మీరు పని చేయలేదని మస్టరులో ఉందన్నారు అధికారులు. అయితే ఆ మస్టరు చూపించండి అన్నారు కూలీలు. 1994 డిసెంబరులో కోట్ కిరానాలో మొదటి జన సునవాయి పెట్టి, మస్టర్లు ఊరందరి ముందు చదివారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. ఆ అడుగుల నుంచే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీని గ్రామసభ బాధ్యతగా రాశారు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. పని చేయించే శాఖే తన తప్పులు తాను వెతకడం కుదరదు గనుక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో సామాజిక తనిఖీకి వేరే సొసైటీనే ఏర్పాటు చేసింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, పక్క ఊళ్లకు పంపారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి జాబ్ కార్డును మస్టరుతో పోల్చారు, తవ్విన చెరువును కొలిచారు. గ్రామసభలో చదివి, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టారు.

మా ఊళ్లో మొదటిసారి మస్టరు చదివిన రోజు మాకింకా గుర్తుంది. తెలుగులో చదువుతుంటే ముసలివాళ్లు ఊరికే తలలూపారు. మేం మన భాషలో చెప్పడం మొదలుపెట్టాక ఒక అత్త లేచింది. "నేను వెళ్లింది పన్నెండు రోజులు. పద్దెనిమిది అని ఎవరు రాశారు?" అంది. ఆ ఆరు రోజుల కూలి ఎవరు తీసుకున్నారో చెప్పడానికి అక్కడున్న ఏ అధికారీ నోరు విప్పలేదు. ఆమెకు అక్షరం రాదు. కానీ పనికి వెళ్లిన రోజులు పురికొసకు ముడులు వేసి దాచుకుంది.

తనిఖీతో అంతా బాగైపోయిందని మేం అనం. తేలిన సొమ్ములో తిరిగి వచ్చింది కొంతే. మాట్లాడినవాళ్లకు మళ్లీ పని దొరకదేమోనన్న భయం ఇప్పటికీ ఉంది. సంతకాల కోసమే జరిగే గ్రామసభలూ ఉన్నాయి. అయినా అధికారి నిలబడి, కూలి మనిషికి లెక్క చెప్పడం మన కొండల్లో కొత్త. దాన్ని పోనివ్వకూడదు.

మన చేతిలో ఇంకో హక్కు కూడా ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో పంచాయతీ చేసిన ఖర్చుకు గ్రామసభ ధ్రువపత్రం తీసుకోవాలి. అంటే ఖర్చు సరైనదో కాదో చెప్పవలసింది మనం. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

తోటి టీచర్లూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బడిలో దరఖాస్తు రాయడం నేర్పిద్దాం. సభలో మస్టరును మన భాషలో చదివి వినిపిద్దాం. పురికొస ముడులు దాచుకున్న అత్త లేచినప్పుడు, ఆమె పక్కన నిలబడి మాట కలుపుదాం.