చూపులకే కట్టిన ఇళ్లు: చెట్టినాడు వసారాల కథ

తమిళనాడులో కారైక్కుడి దగ్గరి ఆత్తంగుడిలో ‘పెరియ వీడు’ అని నాటుకోట్టై చెట్టియార్లనే షావుకార్ల పాత ఇల్లు ఒకటుంది. టికెట్టు కొన్నవాళ్లెవరైనా లోపల తిరిగి చూడొచ్చు. కాపురాలుండాల్సిన ఇంటిని ప్రదర్శనశాల చేస్తే అది ప్రాణంలేని బొమ్మవుతుందని కొందరి బాధ. ఈ ఇళ్ల చరిత్ర చూస్తే ఆ బాధ సగమే నిజం. ఇవి మొదట్నుంచీ నలుగురూ చూడాలని కట్టినవే.

చెట్టినాడు, అంటే కారైక్కుడి చుట్టుపక్కల ఊళ్ల, పెద్దిళ్లలో వీధి గుమ్మంలో నిలబడితే, ఒకే వరసలో ఉన్న వాకిళ్ల గుండా చూపు పెరటి వీధిదాకా పోతుంది. ముందు అరుగులు, తర్వాత మగవాళ్ల సావిడి, ఆపైన మండువా, దాని చుట్టూ స్తంభాల వసారా. వసారా వెంట ఉన్న గదులు పెళ్లయిన కొడుకులవి. ఇల్లు ఉమ్మడిదే గానీ పొయ్యి ఎవరిది వాళ్లదే. ఆ గదులు ఇరుకు, సామాను దాచుకోడానికే సరిపోతాయి. వైశాల్యమంతా సావిళ్లకే ఇచ్చారు. పెళ్లిలో పిల్లకి పెట్టిన ఇత్తడి, వెండి సామానంతా పరిచి బంధువులకు చూపించడం వాళ్ల ఆనవాయితీ. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, కరక్కాయ నీళ్లు కలిపి పూసిన గోడలు నేటికీ నిగనిగలాడతాయి. ఇక ఆత్తంగుడి పలకలను గాజు మీద రంగు పోసి, పైన ఇసుక, సిమెంటు కప్పి తీస్తారు. గాజు నునుపే పలకకు దిగుతుంది.

ఇంత డబ్బు ఎక్కడిది? చాలావరకు బర్మాది. ఇరావతి డెల్టా వరిసాగుకు అప్పులిచ్చింది చెట్టియార్లు. ఆ బియ్యాన్ని రంగూన్ మిల్లుల్లో ఆడించి, రేవులో మోసినవాళ్లలో మన కోస్తా కూలీలెందరో. అక్కడివాళ్లు కోరంగీలన్నది వీళ్లనే. స్తంభాల టేకూ బర్మాదే. వీధివైపు ఆర్చీలు, ఇటలీ చలువరాయి 20వ శతాబ్దం తొలినాళ్ల మోజు. 1930ల మాంద్యంలో ధాన్యం ధర కూలి, బాకీల కింద పొలాలు చెట్టియార్ల చేతికొచ్చాయి. దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో వీళ్ల వాటా 1930లో 6 శాతం, 1938కి 25 శాతం. 1942లో జపాన్ వచ్చింది, తర్వాత స్వతంత్ర బర్మా భూములను జాతీయం చేసింది. ఇక్కడ మేడలు కట్టడం ఆగి పంపకాలు మొదలయ్యాయి.

ఒక్కో ఇంటికి బోలెడుమంది వాటాదారులు. అందరూ సంతకం పెడితేగానీ ఇల్లు అమ్ముడుపోదు, బాగుచేతకు డబ్బు తీసేవాళ్లూ ఉండరు. అలా పాడుబడ్డ ఇళ్ల గుమ్మాలు, స్తంభాలు విడివిడిగా కారైక్కుడి పాతసామాన్ల కొట్లకు చేరాయి. టికెట్టు పెట్టిన ఇంటిని ఆ కొట్లతో పోల్చి చూడాలి, ఎప్పుడో పోయిన నిండు కాపురంతో కాదు. గట్టి అభ్యంతరం మరొకటుంది: చూడవచ్చినవాడికి స్తంభం కనిపిస్తుంది, పొలం పోగొట్టుకున్న బర్మా రైతు కనిపించడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చెన్నై శివార్లలో 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియం కొంత దారి చూపింది. అక్కడ ఊడదీసి తెచ్చి నిలబెట్టిన చెట్టినాడు ఇంటితోపాటు మన నల్గొండ చేనేతకారుడి ఇల్లూ ఉంది. షావుకారును, పనివాణ్ణి ఒకే ఆవరణలో చూడొచ్చు, అయితే ఊరు మాత్రం వెంట రాలేదు. ఊరు చెక్కుచెదరకుండా ఉన్న ఆత్తంగుడి లాంటి చోట, ఆ ఇరుకు గదుల్లో ఒకదాన్ని రంగూన్ అప్పుల ఖాతాలకు కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు.