వలస వచ్చిన వెలుగు
ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్ కెథెడ్రల్‌కి మూడు శిఖరాలు. 1646లో, అంతర్యుద్ధపు ముట్టడిలో, నడిమి శిఖరం కూలింది. పాత రంగు గాజు కిటికీలు చాలామటుకు పగిలిపోయాయి.

ఇప్పుడు డిసెంబరు రాత్రుల్లో లోపల ప్రొజెక్టర్లతో వెలుగుల ప్రదర్శన పెడుతున్నారు. రాతి కమానుల మీద రంగులు పాకుతాయి. ఫొటో తీయాలంటే ముందు ఫ్లాష్ ఆపాలి. అది పడిందంటే రంగులు వెలిసిపోయి ఉత్త రాయే కనిపిస్తుంది. స్తంభానికి ఆనుకుని, చేతులు కదలకుండా, బొమ్మ మారేలోపు నొక్కాలి.

అయితే పగలు కూడా ఒకసారి వెళ్ళాలండీ. తూర్పు చివరనున్న లేడీ చాపెల్ కిటికీల గాజు 1530లలో, ఇప్పటి బెల్జియంలోని హెర్కెన్‌రోడ్ మఠం కోసం చేసింది. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ మఠం మూతపడింది. 1802లో సర్ బ్రూక్ బూత్‌బీ ఆ గాజు కొన్నారు. అది లిచ్‌ఫీల్డ్ చేరింది.

రాత్రి రంగులు ప్రొజెక్టరు ఆపితే పోతాయి. ఈ గాజు మాత్రం రెండు వందల ఏళ్ళకు పైగా పరాయి ఊరి ఎండలోనే వెలుగుతోంది. అందులోని దాతల బొమ్మలు మాత్రం పుట్టినచోటివే. తరాల కిందట ఊరు దాటిన మన ఇళ్ళల్లో తెలుగు సంగతీ ఇంతేగా!