సెప్టెంబర్ 17: ఆ బేరంలో మన వాడ ఎక్కడ?



సెప్టెంబర్ వస్తే మా ఎల్లంతకుంటలోనూ అదే లొల్లి. విమోచనమా, విలీనమా? పార్టీకో పేరు, సర్కారుకో పండుగ. ఈ లొల్లిలో నిజాం ఉంటడు, పటేల్ ఉంటడు, రజాకార్లుంటరు. మనం మాత్రం చప్పట్లు కొట్టేటోళ్లమే.

ఇవాళ యూరోపియన్ యూనియన్‌లో చేరాలంటే ఓ దేశం 35 అధ్యాయాల మీద ఏండ్లకేండ్లు చర్చలు జరపాలె. మైనారిటీల రక్షణ 1993 నుంచి అక్కడి షరతుల్లోనే ఉంది. మరి హైదరాబాద్ సంస్థానం, ఢిల్లీ దేని మీద బేరమాడుకున్నయి? రక్షణ, విదేశాంగం, రవాణా, సమాచారం. 1947 నవంబర్ 29న సంతకమైన యథాతథ ఒప్పందం ఏడాది దాకా అంతా ఉన్నదున్నట్టే అన్నది. అంటే వెట్టి కూడా ఉన్నదున్నట్టే. దొర మోటకు మాదిగాయన ఊరికే బొక్కెన కుట్టాలె, కబురందితే మాలాయన పరుగెత్తాలె.

మరి మనోళ్లు ఊరుకున్నరా? లేదు. గట్టిగానే కొట్లాడుకున్నరు. హిందూ అగ్రకులాల రాజ్యం వస్తే మన గతేంటని బి.ఎస్. వెంకట్రావు, శ్యాంసుందర్ అడిగిండ్రు. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో చేరిండు. ఐక్యరాజ్యసమితికి పోయిన నిజాం ప్రతినిధి బృందంలో శ్యాంసుందర్ ఉన్నడు. ఇటు జె.హెచ్. సుబ్బయ్య షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌ను అంబేద్కర్ వెంట నడిపిండు. బాబాసాహెబ్ మాట సూటిగా ఉంది: సవర్ణుల మీద కోపంతో నిజాం పక్క చేరొద్దు, సంస్థానం యూనియన్‌లో కలవాల్సిందే.

వెంకట్రావును, శ్యాంసుందర్‌ను ద్రోహులని కొట్టేసే మనోళ్లున్నరు. నేను ఒప్పుకోను. వాళ్ల దారి తప్పే, భయం మాత్రం తప్పు కాదు. సైన్యం వచ్చి అయిదు రోజుల్లో పని ముగించింది. గడీలు విడిచి పారిపోయిన దొరలు చాలాచోట్ల దాని వెనకే తిరిగొచ్చిండ్రు, ఈసారి ఖద్దరు టోపీలతో!

నిజాం భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ ఫర్మానా ఇచ్చింది 1949 నవంబర్ 23న. 1950 జనవరి 26న 17వ అధికరణం అంటరానితనాన్ని, 23వది వెట్టిని నేరం చేసినయి. మన అధ్యాయం చేరింది అప్పుడు. అందుకే నాకు సెప్టెంబర్ 17 కన్నా ఆ తారీఖే పెద్దది.

కాయితం మీద సరే. విద్యార్థి మిత్రులకు ఒక పని: మీ వాడలో ముసలోళ్లను అడగండి, ఊరికే బొక్కెన కుట్టుడు ఏ ఏడాది ఆగిందో. రాసి పంపండి.